భవనం మీది కూలింగ్ టవర్‌ను నీటి లెక్కతో నడపడం ఎలా

కూలింగ్ టవర్ అనగానే చాలామందికి థర్మల్ కేంద్రాల దగ్గర నడుము సన్నగా ఉండే పెద్ద కాంక్రీటు టవర్లు గుర్తొస్తాయి. పాల్వంచలో 2024 ఆగస్టులో కూల్చేసిన ఎనిమిది పాత టవర్లు అలాంటివే. ఆసుపత్రి, హోటల్, మాల్, ఆఫీసు భవనాల టెర్రస్ మీద ఉండేది చాలా చిన్నది, ఫైబర్ తొట్టిలా కనిపిస్తుంది. పని మాత్రం అదే: నీళ్లలోని వేడిని గాలికి వదిలేయడం. మీ భవనంలో చిల్లర్ (సెంట్రల్ ఏసీకి చల్లదనం ఇచ్చే యంత్రం) బాధ్యత మీ మీద ఉంటే ఈ వివరాలు మీకోసమే. టవర్ ఫ్యాన్ తిరుగుతోందా లేదా అని మాత్రమే చూసి కిందికి దిగిపోవడం చాలాచోట్ల అలవాటు. అసలు చూడాల్సింది నీళ్లను.

ముందు దారి తెలుసుకోండి

చిల్లర్ గదుల్లోని వేడిని లాగి, తనలోని కండెన్సర్ అనే భాగంలో తిరిగే నీళ్లకు అప్పజెబుతుంది. వేడెక్కిన ఆ నీళ్లను పంపు టెర్రస్ మీదికి తోస్తుంది. టవర్ పైన నాజిళ్లు గానీ, గుండ్రటి టవర్లలో అయితే తిరిగే స్ప్రింక్లర్ గానీ ఆ నీళ్లను ఫిల్ మీద చల్లుతుంది. ఫిల్ అంటే ముడతలు ముడతలుగా ఉండే పల్చటి పీవీసీ రేకుల కట్ట. నీళ్లు దాని మీద పల్చటి పొరలా జారుతుంటే, పైనున్న ఫ్యాన్ లూవర్లలోంచి, అంటే టవర్ పక్కలనుండే పలకల సందుల్లోంచి, గాలిని లోపలికి పీల్చి పైకి లాగుతుంది. చల్లబడిన నీళ్లు అడుగున బేసిన్‌లో చేరి మళ్లీ కండెన్సర్‌కు వెళ్తాయి. ఫ్యాన్‌కూ నాజిళ్లకూ మధ్య డ్రిఫ్ట్ ఎలిమినేటర్ ఉంటుంది. గాలితో పాటు ఎగిరిపోయే తుంపరను అది పట్టి కిందికి రాలుస్తుంది.

కుండలో నీళ్లు చల్లబడే పద్ధతే ఇక్కడా ఉంది. ఒక లీటరు నీరు ఆవిరైతే సుమారు 580 కిలో కేలరీల వేడి తనతో పట్టుకుపోతుంది. అదే లీటరు ఆవిరి కాకుండా 5 డిగ్రీలు చల్లబడితే పోయేది 5 కిలో కేలరీలే. అందుకే టవర్‌లో తిరిగే ప్రతి 100 లీటర్లలో ఒక లీటరు లోపు ఆవిరై, మిగతా నీళ్లన్నిటినీ 5 డిగ్రీలకు పైగా చల్లబరచగలుగుతుంది.

లెక్కకు 100 టన్నుల చిల్లర్‌ను తీసుకుందాం. ఇక్కడ టన్ను అంటే బరువు కాదు, చల్లబరిచే శక్తికి కొలత. గదుల వేడికి కంప్రెసర్ వేడి కూడా కలిసి గంటకు సుమారు 3,78,000 కిలో కేలరీలు టవర్‌కు చేరతాయి. గంటకు 68 ఘనపు మీటర్ల నీళ్లు తిరిగితే, టవర్ వాటిని ఐదున్నర డిగ్రీలు చల్లబరచాలి. మీ చిల్లర్ 300 టన్నులైతే వేడి, నీళ్ల అంకెలను మూడుతో హెచ్చవేసుకోండి, డిగ్రీలు మాత్రం అవే.

ఎండ ఎంతన్నది కాదు, ఉక్క ఎంతన్నది చూడండి

థర్మామీటరు బల్బుకు తడి గుడ్డ చుట్టి గాలిలో తిప్పితే చూపించే ఉష్ణోగ్రతను వెట్ బల్బ్ అంటారు. టవర్ ఎంత గొప్పదైనా నీళ్లను అంతకంటే కిందికి దించలేదు. హైదరాబాద్‌లో మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండ, గాలిలో తేమ 20 శాతం ఉంటే వెట్ బల్బ్ 24 దగ్గర ఉంటుంది. అదే విశాఖలో 34 డిగ్రీలే అయినా తేమ 70 శాతం ఉంటే వెట్ బల్బ్ 29 దాటుతుంది. అంటే విశాఖ టవర్‌కే కష్టం ఎక్కువ. వడగాడ్పు రోజున బాగానే నడిచిన టవర్ తొలకరి ఉక్కపోతలో వేడి నీళ్లు ఇస్తుంటే, అది పాడైందని వెంటనే మెకానిక్‌ను పిలవకండి. ముందు కొలవండి.

కొలిచే పద్ధతి ఇలా. చిల్లర్ ఫుల్ లోడ్ మీద, టవర్ ఫ్యాన్ పూర్తి వేగంతో నడుస్తున్నప్పుడు మూడు అంకెలు రాసుకోండి. మొదటిది, టవర్ లూవర్ల దగ్గర, ఎండ తగలని చోట వెట్ బల్బ్. వాతావరణ శాఖ అంకె పనికిరాదు, మీ టవర్ పీల్చే గాలి లెక్కే కావాలి. రెండోది, బేసిన్ నుంచి కండెన్సర్‌కు వెళ్లే చల్లని నీళ్ల ఉష్ణోగ్రత. మూడోది, కండెన్సర్ నుంచి టవర్‌కు తిరిగొచ్చే వేడి నీళ్ల ఉష్ణోగ్రత.

వేడి నీళ్లకూ చల్లని నీళ్లకూ తేడా రేంజ్. చల్లని నీళ్లకూ వెట్ బల్బ్‌కూ తేడా అప్రోచ్. చాలామంది రేంజ్ బాగుంది కదా, టవర్ బాగున్నట్టే అనుకుంటారు. అది పొరపాటు. రేంజ్ చెప్పేది చిల్లర్ ఎంత వేడి పంపుతోంది, నీళ్లు ఎన్ని తిరుగుతున్నాయి అన్న సంగతి. టవర్ ఆరోగ్యం చెప్పేది అప్రోచ్.

ఉదాహరణకు వెట్ బల్బ్ 26, చల్లని నీళ్లు 30, వేడి నీళ్లు 35 అనుకోండి. రేంజ్ 5, అప్రోచ్ 4. టవర్ బాగుంది. ఇంకోచోట వెట్ బల్బ్ అదే 26, చల్లని నీళ్లు 34, వేడి నీళ్లు 39. రేంజ్ ఇక్కడా 5, కానీ అప్రోచ్ 8. ఈ టవర్ పని చేయడం లేదు. కండెన్సింగ్ ఉష్ణోగ్రత, అంటే చిల్లర్‌లోని గ్యాస్ ద్రవంగా మారే ఉష్ణోగ్రత, ఒక డిగ్రీ పెరిగితే కంప్రెసర్ కరెంటు సుమారు 2 నుంచి 3 శాతం పెరుగుతుంది. ఆ నాలుగు డిగ్రీల తేడాను ప్రతి నెలా కరెంటు బిల్లులో కడుతున్నట్టే.

అప్రోచ్ పెరిగినప్పుడు ఈ వరుసలో వెతకండి.

మొదట ఫ్యాన్ ఎటు తిరుగుతోందో చూడండి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరో ప్యానెల్‌లోనో పని జరిగి ఫేజులు తారుమారైతే ఫ్యాన్ వెనక్కి తిరుగుతుంది. కింద నుంచి చూస్తే మామూలుగా తిరుగుతున్నట్టే ఉంటుంది. పల్చటి గుడ్డ పేలికను లూవర్ దగ్గర పట్టుకోండి. లోపలికి లాగాలి. బయటికి ఎగిరితే ఫ్యాన్ తిరగబడినట్టే.

తర్వాత నీళ్లు సమంగా పడుతున్నాయా చూడండి. గుండ్రటి టవర్‌లో స్ప్రింక్లర్ నింపాదిగా, ఆగకుండా తిరగాలి. గొట్టాల రంధ్రాలు గారతో మూసుకుపోతేనో, మధ్య బేరింగ్ పట్టేస్తేనో అది ఆగిపోయి నీళ్లన్నీ నాలుగు చోట్లే ధారగా పడతాయి. మిగతా ఫిల్ పొడిగా ఉండి, గాలంతా ఆ పొడి దారినే వెళ్లిపోతుంది. చతురస్రపు టవర్లో పై ట్రేలు తెరిచి మూసుకున్న నాజిళ్లు లెక్కపెట్టండి.

మూడోది ఫిల్. టార్చి వేసి కింద నుంచి చూడండి. కొత్త ఫిల్ ముడతల మధ్య వెలుగు కనిపిస్తుంది. సున్నపు గార పట్టిన ఫిల్ తెల్లగా, బిరుసుగా, చేత్తో నొక్కితే పటపటమని విరిగేలా ఉంటుంది. గార బరువుకు కుంగిపోయి అడుగున ముక్కలు రాలుతుంటాయి. ఆ దశలో యాసిడ్ కడుగుడు కంటే ఫిల్ మార్చడమే మేలు. అది పల్చటి పీవీసీ. గట్టిగా కడిగితే విరిగి, ఆ ముక్కలన్నీ పంపు ముందుండే జల్లెడలోకి, అంటే స్ట్రైనర్‌లోకి చేరతాయి.

ఇవన్నీ బాగుంటే టవర్ తను వదిలిన తడి గాలినే మళ్లీ పీలుస్తోందేమో చూడండి. లూవర్ దగ్గర వెట్ బల్బ్, టెర్రస్‌లో దూరంగా ఓ మూల వెట్ బల్బ్ రెండూ తీయండి. లూవర్ దగ్గర ఒకటిన్నర, రెండు డిగ్రీలు ఎక్కువుంటే అనుమానం నిజమే. భవనం అందం కోసం టవర్ చుట్టూ జాలీ గోడ కట్టినా, ఫ్యాన్ అంచు కంటే పిట్టగోడ ఎత్తుగా ఉన్నా ఇలా అవుతుంది. కొత్తగా పెట్టేవాళ్లు ఈ సంగతి ఆర్కిటెక్ట్‌తో ప్లాన్ గీసే దశలోనే మాట్లాడాలి. టవర్‌కు చుట్టూ గాలి ఆడాలి. కిచెన్ చిమ్నీ, జనరేటర్ పొగగొట్టం పక్కన పెట్టకూడదు. టవర్ గాలి వెళ్లే దిక్కున ఏసీ ఫ్రెష్ ఎయిర్ జాలీ గానీ, కిటికీలు గానీ ఉండకూడదు. ఎందుకో కింద చెప్తాను. శ్లాబు లెక్కకు ఖాళీ బరువు కాదు, నీళ్లు నిండిన బరువు తీసుకోవాలి.

అప్రోచ్ బాగుండి కూడా చిల్లర్ హై ప్రెషర్ చూపిస్తుంటే దోషం కండెన్సర్‌ది. కండెన్సింగ్ ఉష్ణోగ్రతకూ, కండెన్సర్ నుంచి బయటికొచ్చే నీళ్లకూ తేడా శుభ్రమైన ట్యూబులతో ఒకటి రెండు డిగ్రీలు ఉంటుంది. అది నాలుగు దాటిందంటే ట్యూబుల లోపల గారో పాచో పట్టింది. ఇక రేంజ్ ఎనిమిది డిగ్రీలకు పెరిగితే నీళ్లు తక్కువ తిరుగుతున్నాయి. పంపు ముందున్న స్ట్రైనర్ విప్పి చూడండి.

నీటి లెక్క

అసలు కష్టమంతా ఇక్కడే. ఆవిరైపోయేది స్వచ్ఛమైన నీరు. అందులోని సున్నం, ఉప్పు, సిలికా బేసిన్‌లోనే ఉండిపోతాయి. పాయసం మరిగేకొద్దీ చిక్కబడినట్టు టవర్ నీళ్లు గంట గంటకూ చిక్కబడతాయి. కొంత నీటిని కావాలని బయటికి వదిలి, ఆ మేరకు కొత్త నీళ్లు పోయకపోతే సున్నం ఫిల్ మీదా కండెన్సర్ ట్యూబుల్లోనూ గట్టిపడుతుంది. ఇలా వదలడాన్నే బ్లీడ్ అనీ బ్లోడౌన్ అనీ అంటారు. టవర్ నీళ్లు కొత్త నీళ్ల కంటే ఎన్ని రెట్లు చిక్కగా ఉన్నాయో చెప్పే అంకె సీఓసీ.

మన 100 టన్నుల టవర్ ఫుల్ లోడ్‌లో గంటకు సుమారు 570 లీటర్లు ఆవిరి చేస్తుంది. వదలాల్సిన నీళ్లు కావాలంటే, ఆవిరైన నీళ్లను సీఓసీలోంచి ఒకటి తీసేసిన అంకెతో భాగించండి. సీఓసీ 2 అయితే గంటకు 570 లీటర్లు వదలాలి, మొత్తం 1,140 లీటర్లు కొత్తగా పోయాలి. సీఓసీ 3 అయితే 285 వదిలి 855 పోయాలి. 5 అయితే 143 వదిలి 713 పోయాలి. రెండు నుంచి మూడుకు వెళ్తే గంటకు 285 లీటర్లు ఆదా. అయిదు నుంచి ఆరుకు వెళ్తే మిగిలేది 30 లీటర్లకు లోపే. అందుకని నీళ్లు మిగులుతాయని సీఓసీని ఏడుకో ఎనిమిదికో లాగడంలో లాభం తక్కువ, ట్యూబులకు ముప్పు ఎక్కువ.

మీకు ఏ సీఓసీ సరిపోతుందో మీ నీళ్లు చెప్తాయి. నీళ్లలో కరిగిన లవణాలన్నిటినీ కొలిచే టీడీఎస్ మీటరు, నీళ్ల కాఠిన్యం కొలిచే హార్డ్‌నెస్ కిట్ కొనిపెట్టుకోండి. రెండు అంకెలూ పీపీఎంలో, అంటే లీటరుకు మిల్లీగ్రాముల్లో ఉంటాయి. టీడీఎస్ 250, హార్డ్‌నెస్ 120 ఉన్న కుళాయి నీళ్లైతే గార కట్టనివ్వని మామూలు స్కేల్ మందుతో 4 నుంచి 5 దాకా నడపొచ్చు. తెలంగాణలో బోరు నీళ్ల హార్డ్‌నెస్ చాలాచోట్ల 400 దాటుతుంది. అలాంటి నీళ్లను సాఫ్ట్‌నర్ లేకుండా రెండు దాటి తిప్పకూడదు. వేసవిలో కుళాయి నీళ్లు తగ్గి ట్యాంకర్ నీళ్లు తెప్పించే భవనాల్లో మరీ జాగ్రత్త. ప్రతి ట్యాంకర్ వేరే బోరుది కావచ్చు. దింపే ముందు మగ్గుడు నీళ్లు పట్టి టీడీఎస్ చూడండి. ఏప్రిల్‌లో వారం రోజులు ట్యాంకర్ నీళ్లు పోసి, బ్లీడ్ మాత్రం పాత లెక్కనే ఉంచితే మే నెలలో చిల్లర్ ట్రిప్ అవడం మొదలవుతుంది.

సాఫ్ట్‌నర్ పెట్టినా ఒక మాట గుర్తుంచుకోండి. అది సున్నం తీసి సోడియం పెడుతుంది, టీడీఎస్ తగ్గదు. పూర్తిగా మెత్తటి నీళ్లు ఇనుప పైపులను తినేస్తాయి. అందుకే కొంత మామూలు నీళ్లు కలిపి హార్డ్‌నెస్ సున్నా కాకుండా చూసుకోవాలి.

ఎస్‌టీపీ నీళ్లు, అంటే శుద్ధి చేసిన మురుగు నీళ్లు వాడే గేటెడ్ కమ్యూనిటీలు, ఐటీ భవనాలు చాలా ఉన్నాయి. మంచి పనే, నీటి కరువున్న ఊళ్లో తాగే నీళ్లను ఆవిరి చేయడం న్యాయం కాదు. కాకపోతే సాండ్ ఫిల్టర్ మీదే ఆగిపోకుండా అల్ట్రా ఫిల్ట్రేషన్ దాకా వెళ్లాలి. అమ్మోనియా మిగిలితే రాగి ట్యూబులను తింటుంది, వేసిన క్లోరిన్‌నూ మింగేస్తుంది. ఫాస్ఫేట్ మిగిలితే పాచికి ఎరువు.

సీఓసీ కొలవడానికి టవర్ నీళ్ల టీడీఎస్‌ను కొత్త నీళ్ల టీడీఎస్‌తో భాగిస్తే చాలు. దాంతో పాటు వారానికోసారి హార్డ్‌నెస్‌తో కూడా అదే భాగహారం చేయండి. ఈ చిన్న పని ఎంతో మేలు చేస్తుంది. టీడీఎస్ లెక్కన సీఓసీ 4 వచ్చి, హార్డ్‌నెస్ లెక్కన 2.8 మాత్రమే వచ్చిందనుకోండి. మధ్యలో తగ్గిన సున్నం ఎక్కడికీ ఆవిరై పోదు. మీ ట్యూబుల మీదే కూర్చుంటోంది. చిల్లర్ ప్రెషర్ పెరగక ముందే ఈ తేడా మీకు చెప్పేస్తుంది.

బ్లీడ్ పైపును బేసిన్ అడుగు నుంచి కాకుండా టవర్‌కు వచ్చే వేడి నీళ్ల లైన్ నుంచి తీయండి. పంపు ఆగితే బ్లీడ్ కూడా దానంతట అదే ఆగుతుంది. రాత్రంతా నీళ్లు ఊరికే పోవు. వీలైతే కండక్టివిటీ కంట్రోలర్‌తో వాల్వు పెట్టండి. దాని ప్రోబ్ మీద గార పడితే తప్పు అంకె చూపిస్తుంది కాబట్టి నెలకోసారి తుడిచి మీటరుతో సరిచూడాలి. మందు వేయడం, బ్లీడ్ వదలడం ఒకే సమయంలో జరగకూడదు. అలా చేస్తే కొన్న మందు కాలువలో పోసినట్టే. కొత్త నీళ్లు వచ్చే మేకప్ లైన్‌కూ బ్లీడ్ లైన్‌కూ వేర్వేరు మీటర్లు పెట్టి రోజూ ఒకే సమయానికి అంకెలు రాయండి.

లెక్కకు మించి నీళ్లు ఖర్చవుతుంటే ముందు ఫ్లోట్ వాల్వు చూడండి. అది మరీ ఎత్తులో పెట్టి ఉంటే, పంపు ఆగినప్పుడు పైపుల్లోంచి దిగిన నీళ్లతో బేసిన్ పొంగి ఓవర్‌ఫ్లోలో పోతుంది. మళ్లీ పంపు వేయగానే మట్టం పడిపోయి కొత్త నీళ్లు దూకుతాయి. రోజుకు నాలుగుసార్లు పంపు ఆగితే నాలుగుసార్లూ ఇదే నష్టం. రెండు టవర్లు పక్కపక్కన ఉంటే మధ్యలోని ఈక్వలైజర్ పైపు బురదతో మూసుకుందేమో చూడాలి. అది మూసుకుంటే ఒకటి పొంగుతూ, రెండోది కొత్త నీళ్లు తాగుతూ ఉంటుంది. తొందరపడి రెండో టవర్ ఫ్లోట్ వాల్వు మార్చి ప్రయోజనం లేదు.

పాచిని అలుసుగా తీసుకోవద్దు

టవర్ నీళ్లు 30 డిగ్రీల పైన, ఎండలో, గాలి కలుస్తూ ఉంటాయి. ధూళి అంతా అందులోనే పడుతుంది. లీజనెల్లా అనే బాక్టీరియా 20 నుంచి 45 డిగ్రీల మధ్య పెరుగుతుంది. ఆ నీళ్ల సన్నటి తుంపరను పీల్చిన మనిషికి తీవ్రమైన న్యుమోనియా రావచ్చు. 1976లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఒక సభకు వచ్చిన మాజీ సైనికులు ఈ జబ్బుతో చనిపోయాకే దీన్ని గుర్తించారు, పేరూ వాళ్ల సంఘం నుంచే వచ్చింది. 2015లో న్యూయార్క్ సౌత్ బ్రాంక్స్‌లో ఒక కూలింగ్ టవర్ నుంచి ఇది వ్యాపించి 16 మంది చనిపోయారు. ఆ నగరంలో టవర్లన్నీ నమోదు చేయాలన్న చట్టం ఆ ఏడాదే వచ్చింది. ఆసుపత్రి మీద టవర్ ఉంటే కింద ఉన్నది అసలే ఊపిరి బలం లేని రోగులు. గాలి దిక్కు విషయం పైన నొక్కి చెప్పింది అందుకే.

రోజువారీ నీళ్లలో ఫ్రీ క్లోరిన్ అర నుంచి ఒక పీపీఎం ఉండేలా చూడండి. టవర్ నీళ్ల పీహెచ్ తరచూ 8.5 దాకా వెళ్తుంది, అక్కడ క్లోరిన్ బలం బాగా తగ్గిపోతుంది. అలాంటి నీళ్లకు బ్రోమిన్ మందు మేలు. వారానికోసారి క్లోరిన్ జాతి కాని మరో బయోసైడ్ (క్రిములను చంపే మందు) మార్చి వేయాలి. బ్లీచింగ్ పౌడర్ చవకే కానీ సున్నం కలుపుతుంది. సోడియం హైపో ద్రావణం వాడండి.

ఏడాదికి కనీసం రెండుసార్లు పూర్తిగా శుభ్రం చేయాలి. వేసవికి ముందు ఒకసారి, వానలు వెళ్లాక ఒకసారి. ముందు ఫ్యాన్ ఆపి, దానికి కరెంటు తెంచే స్విచ్ ఐసొలేటర్‌కు తాళం వేసి, తాళం చెవి టవర్‌లో దిగే మనిషి జేబులోనే ఉంచండి. పంపు మాత్రం నడవనివ్వండి. పీహెచ్‌ను 8 లోపుకు తెచ్చి 5 పీపీఎం క్లోరిన్ వచ్చేలా హైపో వేయండి. మొత్తం వ్యవస్థలో 10 ఘనపు మీటర్ల నీళ్లుంటే 50 గ్రాముల క్లోరిన్ కావాలి, అంటే 10 శాతం హైపో సుమారు అర లీటరు. మురికి దాన్ని తినేస్తుంది కాబట్టి గంటకోసారి పరీక్షించి మళ్లీ కలుపుతూ 5 గంటలు నిలపండి. తర్వాత సోడియం థయోసల్ఫేట్‌తో క్లోరిన్‌ను చంపి నీళ్లు వదలండి. బేసిన్ మూలల్లోని బురదను ఎత్తేయాలి, నీళ్లు కొట్టి చెదరగొట్టకూడదు. హై ప్రెషర్ జెట్ వాడితే తుంపర లేస్తుంది. లోపలున్నవాళ్లకు ఎన్95 మాస్కు తప్పనిసరి, ముఖానికి చేతి రుమాలు కట్టుకుంటే చాలదు. ఎలిమినేటర్ పలకలు తీసి కడిగి, విరిగినవి మార్చి, మధ్యలో సందు లేకుండా అమర్చండి. నింపాక మళ్లీ 5 పీపీఎంతో ఇంకో 5 గంటలు తిప్పండి.

గార తీసే యాసిడ్, హైపో ఎప్పుడూ ఒకే రోజు, ఒకే బకెట్‌తో ముట్టుకోవద్దు. రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. బేసిన్ లాంటి లోతు చోట అది ప్రాణం తీస్తుంది.

ఫ్యాన్, చలికాలం

ఫ్యాన్‌కు వీఎఫ్‌డీ (మోటారు వేగం మార్చే పరికరం) ఉంటే చల్లని నీళ్ల ఉష్ణోగ్రతను బట్టి వేగం మార్చండి. వేగం 80 శాతానికి తగ్గితే ఫ్యాన్ తినే కరెంటు దాదాపు సగానికి పడిపోతుంది. రెండు టవర్లుంటే ఒకదాన్ని పూర్తి వేగంతో తిప్పి ఇంకోదాన్ని ఆపడం కంటే రెండింటినీ నెమ్మదిగా తిప్పడమే చవక. అయితే ప్రతి టవర్‌కూ నాజిళ్లు తడిసేంత నీళ్లు అందాలి. డిసెంబరు రాత్రుల్లో హైదరాబాద్‌లో నీళ్లు మరీ చల్లబడితే కొన్ని చిల్లర్లు లో ప్రెషర్‌తో ఆగిపోతాయి. మీ చిల్లర్ పుస్తకంలో ఎంత కనీస ఉష్ణోగ్రత రాసుందో చూసి అక్కడ ఫ్యాన్ ఆగేలా పెట్టండి. ఫ్యాన్ వణుకుతుంటే బ్లేళ్ల మీద మట్టి, బోల్టుల బిగువు, బెల్టు, ఆఖరున బేరింగ్, ఈ వరుసలో చూడాలి. గేర్‌బాక్స్ ఆయిల్ పాల రంగులోకి మారితే నీళ్లు చేరినట్టే.

పంపు గులకరాళ్లు నమిలినట్టు చప్పుడు చేస్తే బేసిన్ మట్టం చూడండి. నీళ్లు తగ్గి సుడి పడితే గాలి కూడా పంపులోకి పోతుంది.

టవర్‌ను వారానికి మించి ఆపాల్సి వస్తే బేసిన్‌లో నీళ్లు నిలవ ఉంచవద్దు, ఖాళీ చేయండి. తిరిగి మొదలుపెట్టే రోజు నింపి, పంపు ఒక్కటే వేసి, 5 పీపీఎం క్లోరిన్‌తో 5 గంటలు తిప్పి, స్ట్రైనర్ కడిగి, టీడీఎస్ రాసుకున్నాకే ఫ్యాన్ ఐసొలేటర్ తాళం తీయండి.